రాక్ గిటార్‌కి ట్యూబ్ యాంప్, డిస్టార్షన్ పెడల్ ఎంచుకోవడం: గదితో మొదలుపెట్టి పెడల్ దాకా

"అన్నా, రాక్ వాయించాలి, ఏ డిస్టార్షన్ పెడల్ కొనమంటావు?" అని ఎవరైనా అడిగితే నేను తిరిగి అడిగేది ఒకటే. దాన్ని ఏ యాంప్‌లో పెడతావు, ఆ యాంప్ ఏ గదిలో ఉంటుంది? అడిగినవాళ్లకి ఇది మాట దాటేసినట్టు అనిపిస్తుంది, కానీ డబ్బులు వృథా అయ్యేది సరిగ్గా ఇక్కడే. నేను మొదట కొన్నది చిన్న ట్రాన్సిస్టర్ ప్రాక్టీస్ యాంప్, దానికో డిస్టార్షన్ పెడల్. ఆన్ చేస్తే తేనెతుట్టె కదిపినట్టు జుయ్‌మనేది. పెడల్ బాగాలేదనుకుని ఇంకోటి కొన్నాను, తర్వాత మూడోది కూడా. దాదాపు రెండేళ్ల తర్వాత ఒక జామ్ రూమ్‌లో ఆ మొదటి పెడల్‌నే 20 వాట్ల ట్యూబ్ యాంప్‌కి తగిలించి, గెయిన్ (శబ్దాన్ని ఎంత చీల్చాలో చెప్పే నాబ్) బాగా తగ్గించి, అన్నిటికంటే లావు తీగ మీద E పవర్ కార్డ్ ఒక్కటి కొట్టాను. ఛాతీకి తగిలింది. చెయ్యి తీగల మీద అలాగే నొక్కి ఉంచితే నోట్ సాగుతూ, మెల్లగా రంగు మారుతూ ఫీడ్‌బ్యాక్‌లోకి వెళ్లింది. పెడల్ అదే, గిటార్ అదే, మారింది యాంప్, దానితోపాటు దాన్ని ఎంత పెంచగలిగానన్నది.

అందుకే ఈ గైడ్‌లో వరస తిరగేశాను. ముందు గది, తర్వాత యాంప్, స్పీకర్, కరెంటు, ఆ తర్వాతే పెడల్. పప్పు ఉడక్కుండా తాలింపు ఎంత ఘుమఘుమలాడితే మాత్రం ఏం లాభం?

మొదటి పని: గదిని బట్టి వాట్లు తేల్చుకోండి

100 వాట్ల యాంప్ 50 వాట్ల యాంప్ కంటే రెండింతలు గట్టిగా ఉంటుందని చాలామంది నమ్మకం. అలా ఉండదు. వాట్లు రెండింతలైతే శబ్దం పెరిగేది 3 డెసిబెల్స్ మాత్రమే, అంటే "కొంచెం పెరిగింది" అనిపిస్తుంది, అంతే. చెవికి రెండింతలు గట్టిగా వినిపించాలంటే సుమారు 10 డెసిబెల్స్ పెరగాలి, దానికి వాట్లు పదింతలు కావాలి. అంటే 5 వాట్ల యాంప్ కంటే 50 వాట్లది చెవికి ఇంచుమించు రెండింతలు, అంతకు మించి కాదు.

ఇంకో లెక్క చూడండి. గిటార్ స్పీకర్లు చాలావరకు ఒక్క వాట్ ఇస్తేనే మీటరు దూరంలో 97 నుంచి 100 డెసిబెల్స్ దాకా మోగుతాయి. ఒక్క వాట్‌కే! అపార్ట్‌మెంట్‌లో రెండో బెడ్‌రూమ్‌లో అంత శబ్దం పెడితే పక్క ఫ్లాట్ ఆంటీ పది నిమిషాల్లో తలుపు కొడుతుంది. కాబట్టి ఇంట్లో వాడటానికి 1 నుంచి 5 వాట్లు చాలు, నిజానికి 5 వాట్లు కూడా ఎక్కువే. డ్రమ్మర్‌తో జామ్ రూమ్‌లో వాయించాలంటే 15 నుంచి 30 వాట్లు సరిపోతాయి. స్టేజి మీదా అంతే, అక్కడ ఎలాగూ స్పీకర్ ముందు మైక్ పెట్టి పీఏకి, అంటే హాలంతటికీ వినిపించే సౌండ్ సిస్టమ్‌కి పంపుతారు. బ్యాండ్ మధ్యలో కూడా అస్సలు చీలని స్వచ్ఛమైన క్లీన్ (డిస్టార్షన్ లేని శబ్దం) కావాలనుకునేవాళ్లకే 40, 50 వాట్లు పనికొస్తాయి. 100 వాట్ల హెడ్లు (లోపల స్పీకర్ లేని విడి యాంప్‌లు) పీఏ సిస్టమ్‌లు బలహీనంగా ఉన్న 1960ల్లో పెద్ద హాళ్ల కోసం పుట్టాయి. ఆ అవసరం ఇప్పుడు మనలో చాలా కొద్దిమందికే ఉంటుంది.

ఇంట్లోనూ వాడాలి, బ్యాండ్‌లోనూ వాడాలి అంటే వాట్లు తగ్గించే స్విచ్ ఉన్నది చూడండి. మార్షల్ డీఎస్ఎల్20ని 10 వాట్లకి, డీఎస్ఎల్40ని 20 వాట్లకి తగ్గించుకోవచ్చు. అయితే పైన చెప్పిన లెక్క ప్రకారం సగానికి తగ్గిస్తే పోయేది 3 డెసిబెల్సే కాబట్టి ఆ స్విచ్ ఒక్కటే ఇంటిని కాపాడదు, మాస్టర్ వాల్యూమ్ (గెయిన్ అలాగే ఉంచి మొత్తం శబ్దాన్ని తగ్గించే నాబ్) మంచిది ఉండటం అంతకంటే ముఖ్యం. రాత్రిపూటే వాయించే వీలున్నవాళ్లు హెడ్‌ఫోన్ అవుట్ ఉన్న యాంప్ గానీ, యాంప్‌కీ స్పీకర్‌కీ మధ్య పెట్టి శబ్దం తగ్గించే అటెన్యుయేటర్ గానీ, స్పీకర్ బదులు తగిలించే లోడ్ బాక్స్ గానీ బడ్జెట్‌లో ముందే కలుపుకోండి.

రెండో పని: చీలిక ఎక్కడ పుడుతుందో అర్థం చేసుకోండి

ట్యూబ్ అన్నా వాల్వు అన్నా ఒకటే. మన తాతల ఇళ్లల్లో వాల్వు రేడియోలు ఉండేవి, ఆన్ చేశాక వేడెక్కి మాట వినిపించడానికి అర నిమిషం పట్టేది చూడండి, అదే వస్తువు. గిటార్ యాంప్‌లో ఇవి రెండు చోట్ల ఉంటాయి. చిన్నవి ప్రీయాంప్ ట్యూబ్‌లు, ఎక్కువగా 12ఏఎక్స్7, దీన్నే యూరప్‌లో ఈసీసీ83 అంటారు. పెద్దవి పవర్ ట్యూబ్‌లు, స్పీకర్‌ని కదిలించే బలం వీటిది.

సిగ్నల్‌ని ట్యూబ్ మోయగలిగిన దానికంటే ఎక్కువ పెంచితే అలల శిఖరాలు నలిగి చదునవుతాయి, మనం డిస్టార్షన్ అనేది దాన్నే. ప్రీయాంప్‌లో నలిగితే దట్టంగా, సన్నటి పొడి రాలుతున్నట్టు ఉంటుంది. గెయిన్ నాబ్ చేసేది ఇదే, తక్కువ వాల్యూమ్‌లో కూడా వస్తుంది. పవర్ ట్యూబ్‌లు, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కలిసి నలిగితే శబ్దం లావుగా, మెత్తగా, వేలికి స్పందిస్తున్నట్టు ఉంటుంది, దానికి మాత్రం యాంప్‌ని నిజంగా గట్టిగా పెట్టాల్సిందే. 1960లు, 70ల రాక్ శబ్దంలో ఎక్కువ భాగం ఈ రెండో రకం. 1980ల తర్వాతి మెటల్ చాలావరకు మొదటి రకం. మీరు వాయించాలనుకునేది ఏదో ఇక్కడే తేల్చుకుంటే సగం షాపింగ్ అయిపోయినట్టే.

మంచి ట్యూబ్ యాంప్‌ని గుర్తుపట్టే తేలిక పద్ధతి ఒకటుంది. యాంప్ క్రంచ్‌లో (ఓ మోస్తరు చీలికలో) ఉండగా గిటార్ వాల్యూమ్ 10 నుంచి 6కి తగ్గించండి. చీలిక కరిగిపోయి క్లీన్‌కి దగ్గరగా రావాలి. మళ్లీ 10కి పెంచితే తిరిగి గర్జించాలి. ఫుట్‌స్విచ్ తొక్కకుండా చిటికెన వేలితో పాటలో మూడు రకాల శబ్దాలు తీయొచ్చు. దీనికి అలవాటుపడ్డాక నాకు చానెళ్లు ఎన్ని ఉన్నాయన్న లెక్కే పోయింది.

మూడో పని: ఏ వంశం యాంప్ కావాలో ఎంచుకోండి

మార్కెట్లో వందల మోడళ్లున్నా వాటి వంశవృక్షం చిన్నదే. అమెరికాలో ఫెండర్ కంపెనీ 1950ల్లో బేస్ గిటార్ కోసం చేసిన బాస్‌మన్ యాంప్‌ని గిటారిస్టులు లాక్కున్నారు. లండన్ పడమటి వైపు హాన్‌వెల్‌లో జిమ్ మార్షల్ అనే డ్రమ్స్ మాస్టారికి సంగీత పరికరాల షాపు ఉండేది. అక్కడికొచ్చే కుర్రాళ్లు ఇంకా గట్టిగా మోగేది కావాలంటుంటే ఆయన మనుషులు కెన్ బ్రాన్, డడ్లీ క్రేవెన్ ఆ బాస్‌మన్ సర్క్యూట్‌ని పట్టుకుని 1962లో జేటీఎం45 తయారుచేశారు. సర్క్యూట్ దాదాపు అదే, కానీ ట్యూబ్‌లు, ట్రాన్స్‌ఫార్మర్లు, స్పీకర్లు ఇంగ్లండ్‌లో దొరికేవి కావడంతో గొంతు మారిపోయింది. బ్రిటిష్ రాక్ గొంతు అక్కడి నుంచే వచ్చింది.

ఫెండర్ రకం యాంప్‌లు మెరిసే క్లీన్ ఇస్తాయి, మిడ్స్ (బేస్‌కీ ట్రెబుల్‌కీ మధ్యలో ఉండే శబ్దాలు) కొంచెం లోపలికి ఉంటాయి. డీలక్స్ రివర్బ్‌లో 6వీ6 ట్యూబ్‌లు, 22 వాట్లు. ట్విన్ రివర్బ్‌లో 6ఎల్6లు, 85 వాట్లు, దీన్ని చీల్చాలంటే ఊరు ఖాళీ చేయించాలి. పెడల్స్‌తోనే డిస్టార్షన్ తెచ్చుకోవాలనుకునేవాళ్లకి ఈ వంశం తెల్ల కాగితం లాంటిది.

వాక్స్ ఏసీ15, ఏసీ30లు ఈఎల్84 ట్యూబ్‌లతో గలగలమంటాయి, పైన గంట మోగినట్టు ఉంటుంది, గట్టిగా కొడితే మురికిగా చీలతాయి. క్వీన్ బ్యాండ్‌లో బ్రయాన్ మే శబ్దం ట్రెబుల్ బూస్టర్ (ట్రెబుల్‌ని పెంచే పెడల్) పెట్టి తోసిన ఏసీ30లదే.

మార్షల్‌ది ఈఎల్34 ట్యూబ్‌ల లోకం. మిడ్స్ ముందుకొచ్చి అరుస్తాయి, అందుకే రెండు గిటార్లు, బేస్, డ్రమ్స్ మధ్యలో కూడా గిటార్ మునగదు. ప్లెక్సీలు అని పిలిచే పాత మార్షల్ యాంప్‌లలో మాస్టర్ వాల్యూమ్ ఉండదు, 1981లో వచ్చిన జేసీఎం800తో మాస్టర్ వాల్యూమ్ ఉన్న హార్డ్ రాక్ శబ్దం అందరికీ అలవాటైంది. "రాక్ వాయించాలి" అని తప్ప ఇంకేమీ తేల్చుకోలేకపోతున్నవాళ్లకి నేను చెప్పేది ఈ వంశమే. ఆరెంజ్ 2006లో తెచ్చిన 15 వాట్ల టైనీ టెర్రర్ లాంటి చిన్న హెడ్లు కూడా ఇదే తరహా దట్టమైన క్రంచ్ ఇస్తాయి, చేత్తో పట్టుకుని బండి మీద వెళ్లిపోవచ్చు.

ఇక హై గెయిన్. 1990ల మొదట్లో వచ్చిన మెసా కంపెనీ డ్యూయల్ రెక్టిఫయర్, 1992లో గిటారిస్ట్ ఎడ్డీ వాన్ హేలెన్‌తో కలిసి పీవీ కంపెనీ తెచ్చిన 5150, ఇవి మెటల్‌కి పునాదిరాళ్లు. ఎడ్డీ పీవీని వదిలాక ఆ యాంప్‌నే 6505 పేరుతో అమ్ముతున్నారు. వీటికి డిస్టార్షన్ పెడల్ అవసరమే ఉండదు, వేరే రకం పెడల్ కావాలి, అది కింద చెప్తాను.

నాలుగో పని: స్పీకర్‌ని పట్టించుకోండి

యాంప్ మీద నెలల తరబడి ఆలోచించి స్పీకర్ పేరు కూడా చూడనివాళ్లు ఎక్కువ. నా మటుకు ఒక మంచి ప్రీయాంప్ ట్యూబ్ మార్చడం కంటే స్పీకర్ మార్చడం పదింతలు తేడా చూపించింది. రాక్‌లో రెండు పేర్లు పదేపదే వినిపిస్తాయి, రెండూ సెలెస్టియన్ కంపెనీవే. గ్రీన్‌బ్యాక్ 25 వాట్లది, మెత్తగా, పాత రాక్ మాదిరి గరగరలాడుతుంది. వింటేజ్ 30 పేరులో 30 ఉన్నా మోసేది 60 వాట్లు, ఎగువ మిడ్స్ పదునుగా ఉండి మోడరన్ రాక్‌కి, మెటల్‌కి నప్పుతుంది. వెనక తెరిచి ఉన్న క్యాబ్ (స్పీకర్ బిగించిన పెట్టె) గదంతా నిండుతుంది, మూసి ఉన్న క్యాబ్ బేస్ బిగువుగా కొడుతుంది, పామ్ మ్యూట్‌లు (అరచేతి అంచు తీగలకి ఆనించి కొట్టేవి) ఎక్కువ వాయించేవాళ్లకి అదే కావాలి.

ఇక్కడ మూడు నియమాలు తప్పనిసరి. స్పీకర్ తగిలించకుండా ట్యూబ్ యాంప్ వాయించకండి, అవుట్‌పుట్ ట్రాన్స్‌ఫార్మర్ కాలిపోతుంది, యాంప్‌లో అత్యంత ఖరీదైన భాగాల్లో అదొకటి. యాంప్ వెనక రాసిన ఓమ్స్, క్యాబ్ మీద రాసిన ఓమ్స్ ఒకటే ఉండాలి, 8 అయితే 8, 16 అయితే 16. 8 ఓమ్స్ స్పీకర్లు రెండు ప్యారలల్‌గా కలిపితే 4 ఓమ్స్ అవుతుందని మరిచిపోవద్దు. యాంప్ నుంచి క్యాబ్‌కి వెళ్లేది స్పీకర్ కేబుల్ అయ్యుండాలి, గిటార్ కేబుల్ కాదు. చూడటానికి రెండూ ఒకలాగే ఉంటాయి కానీ గిటార్ కేబుల్ లోపలి తీగ సన్నం, ఆ కరెంటుని మోయలేదు. ట్యూబ్ యాంప్‌ని పూర్తిగా పెంచితే రాసిన వాట్ల కంటే ఎక్కువే ఇస్తుంది కాబట్టి స్పీకర్ మోసే సామర్థ్యం యాంప్ వాట్లకి రెండింతలు ఉంటే నిశ్చింత.

ఐదో పని: కొనేముందు చేతులతో పరీక్షించండి

పాతది కొంటున్నట్టయితే ఈ భాగం రెండుసార్లు చదవండి. మీ గిటార్, మీ కేబుల్ తీసుకెళ్లండి. యాంప్ చల్లగా ఉండగా మొదలుపెట్టమనండి, ముందే వేడి చేసి ఉంచితే కొన్ని జబ్బులు కనబడవు. పవర్ ఆన్ చేసి, స్టాండ్‌బై స్విచ్ ఉంటే ఒక నిమిషం ఆగి అదీ ఆన్ చేసి, వాల్యూమ్ సున్నాలో ఉంచి వినండి. కొద్దిపాటి హిస్ మామూలే. గట్టి హమ్ వస్తే ఫిల్టర్ కెపాసిటర్లు ముసలివైపోయాయేమో అనుమానించాలి. ఒక్కో నాబ్ నెమ్మదిగా తిప్పండి, కరకరమంటే దుమ్ము, అది చిన్న పని. వైజాగ్, కాకినాడ లాంటి సముద్రపు ఊళ్ల నుంచి వచ్చిన యాంప్ అయితే జాక్‌లు, ట్యూబ్ సాకెట్లు తుప్పు పట్టాయేమో టార్చ్ వేసి చూడండి.

తర్వాత పెన్సిల్ పరీక్ష. వాల్యూమ్ కొంచెం పెట్టి, పెన్సిల్ వెనక రబ్బరు ఉన్న వైపుతో ప్రీయాంప్ ట్యూబ్‌లని ఒక్కొక్కటిగా మెల్లగా తట్టండి. స్పీకర్‌లో చిన్న టిక్ వినిపిస్తే ఫర్వాలేదు. గ్లాసు మీద చెంచాతో కొట్టినట్టు మోగి, ఆ మోత ఆగకుండా కూతలా పెరిగితే ఆ ట్యూబ్ మైక్రోఫోనిక్ అయిందన్నమాట. ప్రీయాంప్ ట్యూబ్ మార్చడం తేలిక, బయాస్ (పవర్ ట్యూబ్‌లలో పారే కరెంటుని సరిచేసే సెట్టింగు) గొడవ లేదు, అంతమేర ధర తగ్గించమని అడగండి.

లైట్ తీసేసి వెనక నుంచి పవర్ ట్యూబ్‌లు చూడండి. లోపల నారింజ వెలుగు మామూలు. గాజు గోడకి అంటుకున్నట్టు నీలం వెలుగు కూడా మామూలే, దానికి భయపడక్కర్లేదు. కానీ మధ్యలో ఉండే బూడిద రంగు రేకు ఎర్రగా కాలుతుంటే వెంటనే ఆపేయమనండి, ట్యూబ్ గానీ బయాస్ గానీ పాడైంది. నేనొకసారి పాత యాంప్ కొనే తొందరలో ఇదొక్కటీ చూడలేదు. డబ్బులిచ్చి ఇంటికి తెచ్చిన మూడో రోజు ఒక ట్యూబ్ రేకు ఎర్రబడి ఫ్యూజ్ పోయింది, రిపేర్ బిల్లు చూసి వారం పాటు నిద్రపట్టలేదు. అమ్మినాయన తప్పో నా తప్పో అన్నది పక్కనపెడితే, రెండు నిమిషాలు లైట్ తీసి చూసుంటే తెలిసిపోయేది.

కనీసం ఇరవై నిమిషాలు వాయించండి. వేడెక్కాక వాల్యూమ్ పడిపోతుందా, టప్ టప్ మంటుందా గమనించండి. చివరగా ఒక మాట, యాంప్ మూత మాత్రం మీరు విప్పకండి. ప్లగ్ తీసేశాక కూడా కెపాసిటర్లలో 400 వోల్టుల పైన నిలవ ఉండొచ్చు, అది ప్రాణాలు తీసే కరెంటు.

ఆరో పని: మన కరెంటుకి సరిపోతుందో చూడండి

మన దగ్గర 230 వోల్టులు, 50 హెర్ట్జ్. డల్లాస్ నుంచో న్యూజెర్సీ నుంచో బావగారు తెచ్చే యాంప్ 120 వోల్టులు, 60 హెర్ట్జ్‌ది. నేరుగా ప్లగ్ పెడితే, అదృష్టం బాగుంటే ఫ్యూజ్ పోతుంది, లేదంటే పవర్ ట్రాన్స్‌ఫార్మర్ పోతుంది. తెప్పించుకునే ముందు వెనక స్టిక్కర్ ఫోటో తీసి పంపమనండి. 230 మీదకి మార్చే వీలున్నది అయితే అదృష్టం. 120 మాత్రమే అని ఉంటే స్టెప్‌డౌన్ ట్రాన్స్‌ఫార్మర్ కావాలి, స్టిక్కర్ మీద రాసిన వాట్లకి కనీసం రెండింతలు మోసేది తీసుకోండి, ఉదాహరణకి 180 వాట్లు అని ఉంటే 400 వీఏ. ప్రయాణాల్లో హెయిర్ డ్రైయర్‌కి వాడే తేలికపాటి కన్వర్టర్లు దీనికి పనికిరావు. 60 హెర్ట్జ్ అని మాత్రమే రాసి ఉన్న ట్రాన్స్‌ఫార్మర్లు 50 మీద ఎక్కువ వేడెక్కుతాయి, అలాంటిది వదిలేయమనే చెప్తాను. పైగా 12 అంగుళాల స్పీకర్ ఉన్న కాంబోలు (యాంప్, స్పీకర్ ఒకే పెట్టెలో ఉండేవి) చాలావరకు 20 కిలోలకి అటూ ఇటూ ఉంటాయి, విమానంలో ఒక పెట్టెకి ఇచ్చే 23 కిలోలు దానికే సరి. తెప్పించుకుంటే చిన్న హెడ్ తెప్పించుకోండి, ట్యూబ్‌లు విప్పి బట్టల్లో చుట్టి పెట్టమనండి, క్యాబ్ ఇక్కడ చూసుకోవచ్చు.

అన్నిటికంటే ముఖ్యం ఎర్తింగ్. అద్దె ఇళ్లల్లో, కొన్ని జామ్ రూమ్‌లలో కూడా మూడో పిన్ రంధ్రం ఉంటుంది కానీ వెనక తీగ ఉండదు. ఎలక్ట్రీషియన్‌తో మల్టీమీటర్ పెట్టించి ఫేజ్‌కీ ఎర్త్‌కీ మధ్య 230 దగ్గర చూపిస్తోందో లేదో చూడండి. పాడుతూ వాయించేవాళ్లకి మైక్ పెదవికి తగిలినప్పుడు చురుక్కుమంటే అది ఎర్త్ సమస్య. అలవాటైపోయిందని ఊరుకోకండి, గిటార్ తీగలు చేతిలో, మైక్ నోటి దగ్గర, మధ్యలో ఉన్నది మీ గుండె. హమ్ తగ్గుతుందని మూడో పిన్ విరిచేసే సలహా ఎవరిచ్చినా వినొద్దు. కరెంటు పోయినప్పుడు ఇంటి ఇన్వర్టర్ మీద కూడా వాయించకండి, చవక ఇన్వర్టర్లు ఇచ్చే చదరపు అలలకి ట్రాన్స్‌ఫార్మర్ గుర్రుమంటూ వేడెక్కుతుంది.

ఏడో పని: ఇప్పుడు పెడల్

చీల్చే పెడల్స్‌ని మూడు గుంపులుగా చూడండి: ఓవర్‌డ్రైవ్, డిస్టార్షన్, ఫజ్. ఓవర్‌డ్రైవ్ అలల శిఖరాలని మెత్తగా నలుపుతుంది, డిస్టార్షన్ కత్తిరించినట్టు చేస్తుంది, ఫజ్ దాదాపు చదరంగా మార్చేస్తుంది. ఏది గొప్పదన్న వాదన అనవసరం, మీ యాంప్‌కి ఏది సరిపోతుందన్నదే ప్రశ్న.

మార్షల్ రకం, లేదా హై గెయిన్ యాంప్ ఉంటే మీకు కావాల్సింది ఓవర్‌డ్రైవ్, అదీ డిస్టార్షన్ కోసం కాదు. ఇబానెజ్ ట్యూబ్ స్క్రీమర్ గానీ, 1981 నుంచి వస్తున్న బాస్ (Boss) కంపెనీ ఎస్‌డీ-1 గానీ తీసుకోండి, ఎస్‌డీ-1 చాలా తక్కువ ధరకే దొరుకుతుంది. యాంప్‌ని క్రంచ్‌లో పెట్టండి. పెడల్‌లో డ్రైవ్ దాదాపు సున్నా, టోన్ మధ్యలో, లెవెల్ ముప్పావు వంతు పైకి. ఇప్పుడు అన్నిటికంటే లావుగా ఉండే E తీగ మీద అరచేతి అంచు ఆనించి పామ్ మ్యూట్ కొట్టండి, పెడల్ ఆన్ చేసి నాలుగు, ఆపి నాలుగు. ఆపినప్పుడు "డుబ్బు డుబ్బు" మని వదులుగా ఉన్నది, ఆన్ చేయగానే "టక్ టక్" మని బిగుసుకుంటుంది. కారణం ఏంటంటే ఈ పెడల్ మిడ్స్‌ని ముందుకు తెచ్చి, సుమారు 720 హెర్ట్జ్ కిందున్న బేస్‌ని అంతగా పెంచదు. యాంప్‌లోకి బేస్ తక్కువ వెళ్తుంది కాబట్టి ట్యూబ్‌లు బురదగా కాకుండా శుభ్రంగా నలుగుతాయి. మెటల్ రికార్డింగుల్లో 5150 ముందు ఆకుపచ్చ ట్యూబ్ స్క్రీమర్ కనబడటానికి కారణం ఇదే. చవకగా యాంప్ గొంతు మార్చే పద్ధతి నాకు తెలిసినంతలో ఇంకోటి లేదు.

ఫెండర్ రకం క్లీన్ యాంప్ అయితే డిస్టార్షన్ మొత్తం పెడలే ఇవ్వాలి. ఇక్కడ నా ఓటు 1970ల చివర్లో అమెరికాలోని కలమజూలో పుట్టిన ప్రోకో ర్యాట్‌కి. గెయిన్ తక్కువలో క్రంచ్, మధ్యలో హార్డ్ రాక్, పైన ఫజ్‌కి దగ్గర, ఒక్క డబ్బాలో మూడూ ఉన్నాయి. దాని ఫిల్టర్ నాబ్ తిరగేసి పనిచేస్తుంది, కుడివైపు తిప్పితే ట్రెబుల్ తగ్గుతుంది, ఇది తెలియక పెడల్ పాడైందనుకున్నవాళ్లని చూశాను. 1978లో వచ్చిన బాస్ డీఎస్-1 ఇంకో దారి, నిర్వాణ బ్యాండ్ కర్ట్ కోబేన్ వాడినది, గరుగ్గా ఉంటుంది. టోన్‌ని 10 గంటల దగ్గరే ఆపండి, దాటితే చెవిలో గుచ్చుకుంటుంది.

ఫజ్ అందరికీ కాదు, కానీ పట్టుబడితే వదలరు. 1966లో లండన్‌లో వచ్చిన ఫజ్ ఫేస్‌ని జిమి హెండ్రిక్స్ మార్షల్‌లోకి పెట్టి, గిటార్ వాల్యూమ్‌తో దాన్ని క్లీన్ నుంచి గర్జన దాకా నడిపించాడు. బిగ్ మఫ్ ఇంకో రకం, గోడలాంటి శబ్దం, నోట్ అంతూపొంతూ లేకుండా సాగుతుంది. పింక్ ఫ్లాయిడ్ గిటారిస్ట్ డేవిడ్ గిల్మర్ దాన్ని పెద్ద క్లీన్ హైవాట్ యాంప్‌లలో వాడాడు. అయితే బిగ్ మఫ్‌లో మిడ్స్ బాగా తగ్గిపోతాయి, ఇంట్లో ఒంటరిగా అద్భుతంగా ఉండి బ్యాండ్‌లో వినబడకుండా పోతుంది. దాని తర్వాత ఒక ట్యూబ్ స్క్రీమర్ పెట్టి మిడ్స్ తిరిగి తెచ్చుకోవడం పాత చిట్కా.

రెండు పెడల్స్‌కి మించి మొదటి ఏడాదిలో కొనకండి. ఒకటి తోయడానికి, ఒకటి చీల్చడానికి.

ఎనిమిదో పని: వరస, పవర్, రొద

ఫజ్ ఫేస్ ఉంటే గిటార్ పక్కనే, అందరికంటే ముందు. దానికంటే ముందు బఫర్ (సిగ్నల్ బలం తగ్గకుండా చూసే సర్క్యూట్) ఉన్న పెడల్, బాస్ (Boss) కంపెనీ పెడల్స్ లాంటివి పెడితే గొంతు పలచబడి గీరుకుపోతుంది. తర్వాత ఓవర్‌డ్రైవ్, తర్వాత డిస్టార్షన్, తర్వాత యాంప్. యాంప్ గెయిన్ వాడేవాళ్లు డిలే, రివర్బ్ లాంటి ప్రతిధ్వని పెడల్స్‌ని ఎఫెక్ట్స్ లూప్‌లో (ప్రీయాంప్ తర్వాత పెడల్స్ తగిలించడానికి యాంప్ వెనక ఉండే జాక్‌లలో) పెట్టండి, ముందు పెడితే ప్రతిధ్వనులు కూడా చీలిపోయి గందరగోళం అవుతుంది. లూప్ లేని యాంప్ అయితే డిలే తగ్గించి వాడటమే.

చాలా పెడల్స్‌కి 9 వోల్టులు, మధ్య పిన్ నెగెటివ్. ఫోన్ చార్జర్ లాంటి చవక అడాప్టర్ ఒక్కదానికి ఐదు పెడల్స్ గొలుసుగా తగిలిస్తే హై గెయిన్‌లో ఈగల మోత మొదలవుతుంది, ఒక్కోదానికి విడిగా అవుట్‌పుట్ ఉన్న ఐసొలేటెడ్ సప్లై కొనండి. పాత తరహా జర్మేనియం ఫజ్‌లు కొన్నిటికి పోలారిటీ తిరగేసి ఉంటుంది, వాటిని మిగతావాటితో కలిపి ఒకే తీగకి అస్సలు పెట్టకూడదు. సింగిల్ కాయిల్ పికప్‌ల హమ్ మాత్రం ఏ సప్లై మార్చినా పోదు, ట్యూబ్‌లైట్లకి, డిమ్మర్లకి దూరంగా, కొంచెం పక్కకి తిరిగి నిలబడితే తగ్గుతుంది.

తొమ్మిదో పని: జామ్ రూమ్‌లో సెట్ చేసుకోండి

ఇంట్లో మంచం మీద కూర్చుని పెట్టుకున్న సెట్టింగులు బ్యాండ్‌లో పనిచేయవు. తక్కువ శబ్దంలో చెవికి బేస్, ట్రెబుల్ తక్కువగా వినిపిస్తాయి కాబట్టి మనం వాటిని పెంచి మిడ్స్ తగ్గిస్తాం. అదే సెట్టింగుతో డ్రమ్మర్ పక్కన నిలబడితే బేస్‌ని బేస్ గిటార్ మింగేస్తుంది, ట్రెబుల్‌ని సింబల్స్ మింగేస్తాయి, మీకంటూ ఏమీ మిగలదు.

కాబట్టి పెడల్స్ అన్నీ ఆపి యాంప్‌తో మొదలుపెట్టండి. బేస్, మిడ్, ట్రెబుల్ మూడూ 12 గంటల దగ్గర, ప్రెజెన్స్ (మరీ పై ట్రెబుల్‌ని పెంచే నాబ్) తక్కువ. గెయిన్‌ని మీకు కావాలనిపించిన చోటికి తెచ్చి, అక్కడి నుంచి నాలుగో వంతు వెనక్కి తగ్గించండి, గట్టి వాల్యూమ్‌లో ఆ తగ్గించిన గెయినే సరిపోతుంది, పైగా కార్డ్‌లో ఒక్కో నోటు విడిగా వినిపిస్తుంది. డ్రమ్మర్‌ని మామూలుగా వాయించమని, మాస్టర్‌ని స్నేర్‌తో సమానంగా వినిపించేదాకా పెంచండి. ఇంకా వినబడటం లేదంటే వాల్యూమ్ జోలికి పోకుండా మిడ్స్ పెంచి చూడండి. స్పీకర్ మీ మోకాళ్లకి వాయిస్తుంటే చెవికి ట్రెబుల్ తెలియదు, ముందు వరసలో ఉన్నవాళ్లకి మాత్రం చెవులు పగులుతాయి, కాంబోని కుర్చీ మీద పెట్టి గానీ వెనక్కి వాల్చి గానీ మీ తలవైపు తిప్పుకోండి. అప్పుడు పెడల్ ఆన్ చేసి, ఆన్ ఆఫ్ మధ్య వాల్యూమ్ తేడా మీకు కావాల్సినంతే ఉండేలా లెవెల్ సరిచేయండి, సోలోకి అయితే కాస్త ఎక్కువ.

అన్నీ కుదిరాక నాబ్‌ల పక్కన తెల్ల టేపు ముక్క అంటించి పెన్‌తో గీతలు పెట్టండి, ఫోన్‌లో ఒక ఫోటో కూడా తీసుకోండి. వెళ్లేముందు యాంప్ ఆపి, పది నిమిషాలు చల్లారనిచ్చి అప్పుడు కదపండి, వేడి మీదున్న ట్యూబ్‌లకి ఆటో కుదుపులు అస్సలు పడవు.